ఈస్టర్ విందు బల్లకు తక్కువ ఖర్చు అలంకారాలు: వరి మొలకల తోట, ఆకు అచ్చుల గుడ్లు, అరటి బోదె

ఈస్టర్ ఏటా మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్యన వస్తుంది. 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28, 2028లో ఏప్రిల్ 16. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు అప్పటికే ఎండలు ముదిరి, పగలంతా ఫ్యాను తిరగాల్సిన రోజులవి. బల్ల మీది అలంకారాన్ని పాడుచేసేవి ఈ ఎండా, ఈ ఫ్యానూ. పొద్దున పెట్టిన గులాబీలు మధ్యాహ్నం భోజనం ముందు ప్రార్థన చేసే వేళకి తలలు వాల్చేస్తాయి. కొవ్వొత్తి ఒక పక్కకే కరిగి గుడ్డ మీద కారుతుంది.

దీనికితోడు సమయం చాలదు. చీకటి ఉండగానే సమాధుల తోటకి వెళ్ళాలి, ఆ తర్వాత చర్చిలో ఆరాధన, ఇంటికొచ్చాక వంట. ఆదివారం పొద్దున అలంకారానికి కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఇక్కడ చెప్పే మూడూ శనివారం రాత్రికి తయారైపోయి, ఆదివారం సాయంత్రం దాకా నిలబడేవి. సమాధుల మీదకు ఎలాగూ పూలూ కొవ్వొత్తులూ కొంటారు. అందులోంచే ఒక పాలు పక్కన పెట్టుకోండి. మిగతావి ధాన్యం, ఉల్లితొక్కలు, అరటి బోదె, పెరటి ఆకులు. గుడ్లతో కలిపినా ఖర్చు రెండు మూడు వందల్లో తేలిపోతుంది.

ముందు బల్లను కొలవండి

అలంకారం ఎత్తు పన్నెండు అంగుళాలు దాటకూడదు. కుర్చీలో కూర్చుని మోచెయ్యి బల్లకు ఆనించి అరచెయ్యి పైకెత్తండి. అలంకారం మీ మణికట్టు కంటే ఎత్తుగా ఉంటే ఎదుటివాళ్ళ ముఖం కనబడదు. వెడల్పు, బల్ల వెడల్పులో మూడోవంతు లోపు. మన ఇళ్ళలో బల్లలు చాలావరకు నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. అటూ ఇటూ కంచాలు, గ్లాసులు పోగా మధ్యన మిగిలేది ఎనిమిది, తొమ్మిది అంగుళాల చోటు. అందులోనే అన్నం గిన్నె, కూర గిన్నె పట్టాలి. గిన్నెలన్నీ బల్ల మీదే పెట్టి వడ్డించుకునే ఇంట్లో పొడవాటి అలంకారం కంటే గుండ్రటిది, చిన్నది మేలు. వంటగదిలోంచి తెచ్చి వడ్డించే అలవాటుంటే పొడవుగా పరచవచ్చు.

వరి మొలకల తోట

ఇది నెమ్మదిగా తయారయ్యేది, అన్నిటికంటే అందమైనది. పచ్చటి నారు మధ్య తెరిచి ఉన్న చిన్న సమాధి, పక్కకు దొర్లిన రాయి. పిల్లలున్న ఇంట్లో వారమంతా దీని చుట్టూనే తిరుగుతారు. గింజ మట్టిలో పడి చచ్చి ఫలిస్తుందని యోహాను సువార్త 12వ అధ్యాయంలో ఉన్న మాట వాళ్ళకు వేరే చెప్పక్కర్లేకుండా కంటికి కనిపిస్తుంది.

కావలసినవి: ఎనిమిది, తొమ్మిది అంగుళాల వెడల్పు, కనీసం రెండంగుళాల లోతు ఉన్న మట్టి మూకుడు గాని పాత ఇత్తడి తాంబాళం గాని, మూడంగుళాల చిన్న మట్టి ముంత, ముంత మూతికంటే కాస్త పెద్దదైన చదును గులకరాయి, వంశధార ఒడ్డునో మహేంద్రతనయ ఒడ్డునో ఏరుకోవచ్చు, జల్లించిన మట్టి, ఒక టీ కప్పు ధాన్యం. పొట్టు తీయని వడ్లే కావాలి. గత పంటవైతే బాగా మొలుస్తాయి, ఏడాది దాటి గాదెలో ఉన్నవాటిలో చాలా మొలకెత్తవు.

మట్టల ఆదివారానికి (ఈస్టర్‌కు వారం ముందటి ఆదివారం) ముందు వచ్చే శుక్రవారం పొద్దున ధాన్యం నీళ్ళలో పోసి కలపండి. పైకి తేలిన తాలు తీసేయండి. సాయంత్రం ఒకసారి నీళ్ళు మార్చండి. శనివారం పొద్దున నీళ్ళు వంపేసి, గింజల్ని తడి గోనెపట్టాలోనో మందపాటి గుడ్డలోనో మూటకట్టి నీడలో ఉంచండి. నారు పోసే ముందు రైతులు మండె కట్టేది ఇలాగే. పూటకోసారి మూట విప్పకుండానే నీళ్ళు చిలకరించాలి. చేత్తో తడిమితే మూట వేడిగా తగిలిందంటే ఇంకో దోసెడు నీళ్ళు పోయండి, ఆ వేడికి మొలక ఉడికిపోతుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి గింజ కొసన తెల్లటి ముక్కు కనిపిస్తుంది. అది గింజంత పొడవు కాకముందే చల్లేయాలి, లేకపోతే చల్లేటప్పుడు విరిగిపోతుంది.

పళ్ళేనికి అడుగున కన్నం లేకపోతే అరంగుళం మందాన చిన్న గులకరాళ్ళు పరిచి, పైన ఒకటిన్నర అంగుళం మట్టి వేయండి. ముంతను ఇప్పుడే పెట్టాలి. చాలామంది నారు పెరిగాక ముంత గుచ్చబోతారు, వేళ్ళన్నీ చాపలా అల్లుకుని ఉంటాయి కాబట్టి సగం నారు పెళ్ళగా లేచిపోతుంది. ముంతను పక్కకు పడుకోబెట్టి, మూతి మీ వైపు ఉండేలా సగం దాకా మట్టిలో పాతండి, వెనకవైపు మట్టి కాస్త గుట్టలా పోయండి. మూతి ముందు మూడు వేళ్ళ వెడల్పున దారి వదిలి, అక్కడ ఇసుక పరవండి. తక్కిన చోటంతా గింజకు గింజ తగిలేలా చల్లి, అరచేత్తో మెల్లగా అదిమి, గింజలు కనీకనబడకుండా పలచగా మట్టి చల్లండి. పైన తడిగుడ్డ కప్పండి.

సోమవారం సాయంత్రానికి గుడ్డ తీసేయాలి. ఇంకొక రోజు ఉంచితే మొలకలు పసుప్పచ్చగా, సన్నగా సాగుతాయి. ఆ తర్వాత పొద్దుటి ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టి, రోజూ పళ్ళేన్ని సగం తిప్పుతుండండి, లేకపోతే నారంతా వెలుతురు వైపే వాలుతుంది. నీళ్ళు పొద్దునా సాయంత్రం చేత్తో చిలకరించడమే, చెంబుతో పోస్తే గింజలు ఒక మూలకి కొట్టుకుపోతాయి. మొదటి రెండు రోజుల్లో గింజల దగ్గర తెల్లటి నూగు కనిపిస్తే కంగారుపడకండి. వేరు చుట్టూ మాత్రమే ఉండి, నీళ్ళు చిలకరించగానే కనబడకుండా పోతే అవి వేరు వెంట్రుకలు. గింజ నుంచి గింజకు సాలెగూడులా అల్లుకుని ముక్కవాసన వస్తే అది బూజు. ఆ మేరకు చెంచాతో తీసేసి, నీళ్ళు తగ్గించి, గాలి తగిలే చోటికి మార్చండి. బూజు పట్టేది ఎక్కువగా తాలు తీయకపోవడం వల్లా, అడుగున నీళ్ళు నిలవడం వల్లా.

ఈస్టర్ నాటికి నారు మూడు నాలుగంగుళాలు ఉంటుంది. మరీ ఎగుడుదిగుడుగా ఉంటే శనివారం రాత్రి కత్తెరతో కొసలు సరిచేయండి, కొసలు పొడిగా ఉన్నప్పుడే. సన్నటి వెదురు పుల్లలతో మూడు శిలువలు కట్టి ముంత వెనక గుట్టలో గుచ్చండి. ముంతలో తెల్లగుడ్డ చిన్న ముక్క మడతపెట్టి ఉంచండి. శుక్రవారం, శనివారం మూతికి అడ్డంగా ఉన్న గులకరాయిని ఆదివారం పొద్దున పిల్లల చేత పక్కకు జరిపించండి. ముంతలో కొవ్వొత్తి మాత్రం వద్దు. మసి పడుతుంది, వేడికి నారు కొసలు మాడుతాయి. వెలుగు కావాలంటే చిన్న బ్యాటరీ దీపం పెట్టండి.

మట్టల ఆదివారం నాటికి ఈ సంగతి గుర్తు రాలేదా, సోమవారం ఆవాలు చల్లండి, నానబెట్టక్కర్లేదు. రెండు పెద్ద చెంచాలు చాలు. ఆదివారానికి రెండంగుళాల లేత మొక్కలు లేస్తాయి. చోళ్ళైతే (రాగులు) ఒక రాత్రి నానబెట్టి సోమవారం చల్లితే సన్నటి గడ్డిలా వస్తాయి, కానీ అంత ఎత్తు రావు.

ఆకు అచ్చుల గుడ్లు

తెల్లటి ఫారం గుడ్లే తీసుకోండి. నాటుకోడి గుడ్డు పెంకు గోధుమరంగులో ఉంటుంది కాబట్టి పసుపు, గులాబీ రంగులు దాని మీద మాసినట్టు కనిపిస్తాయి. ఉల్లితొక్కల రంగొక్కటే దాని మీద కూడా బాగుంటుంది.

ఒక విషయం ముందే తేల్చుకోవాలి: గుడ్లు తినడానికా, చూడటానికా? ఉడికించిన గుడ్డు బయట రెండు గంటలకు మించి ఉంటే తినకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున ఒక్క గంటే. పొద్దుటి నుంచి బల్ల మీదుంచి మధ్యాహ్నం పిల్లలకు వలిచి పెట్టడం పొరపాటు. రోజంతా బల్ల మీద ఉండాలంటే లోపలిది తీసేసిన డొల్ల గుడ్లే సరైనవి. లోపలిది వృథా కాదు, శనివారం రాత్రికి అట్టు వేసుకోవచ్చు. డొల్లగా ఉన్న గుడ్డు ఖాళీ సమాధికి గుర్తుగానూ సరిపోతుంది.

ఎర్రమట్టి రంగుకు రెండు దోసిళ్ళ ఉల్లితొక్కలు కావాలి, పది పన్నెండు ఉల్లిపాయల తొక్కలన్నమాట. కూరగాయల దుకాణంలో బస్తా అడుగున రాలినవి అడిగితే ఊరికే ఇస్తారు. లీటరు నీళ్ళలో అరగంట మరిగించి, వడకట్టి, పూర్తిగా చల్లారాక రెండు పెద్ద చెంచాల వెనిగర్ కలపండి. లేకపోతే ఒక పెద్ద నిమ్మకాయ రసం. పులుపు పెంకులోని సున్నాన్ని కొద్దిగా తిని గరుకు చేస్తుంది, అందుకే రంగు పట్టుకుంటుంది. ఎక్కువ పోస్తే పెంకు పైపొర లేచిపోయి మచ్చలు పడుతుంది.

పసుప్పచ్చకు అర లీటరు నీళ్ళకు మూడు పెద్ద చెంచాల పసుపు, పది నిమిషాలు మరిగించి గుడ్డలో వడకట్టాలి. జల్లెడ చాలదు, పొడి పెంకుకు అంటి చుక్కలు పడతాయి. దీనికీ చెంచాడు వెనిగర్. పసుపు రంగేసిన గుడ్డును సబ్బు చేత్తోగాని సున్నం అంటిన చేత్తోగాని ముట్టుకుంటే ఆ చోట ఎర్రబడుతుంది. గులాబీ రంగుకు ఒక పెద్ద బీట్‌రూట్ తురిమి అర లీటరులో ఇరవై నిమిషాలు. ఇది ఆరేకొద్దీ గోధుమ ఛాయకు దిగుతుంది, నిలకడ తక్కువ. పెరట్లో శంఖుపూల తీగ ఉంటే గుప్పెడు పూలు వేడినీళ్ళలో వేయండి, నీలం దిగుతుంది. వెనిగర్ తగిలితే ఊదాకు మారుతుంది.

ఇక అచ్చు. ఆకు ఎంపికలోనే ఉంది అందమంతా. కొత్తిమీర, మునగాకు రెమ్మ, చింతచిగురు వంటి చిన్నచిన్న చీలికలున్నవి కావాలి. మందంగా ఉన్న కరివేపాకు పెంకు ఒంపుకు ఒదగదు, అంచు లేచి రంగు లోపలికి పాకుతుంది. పచ్చి గుడ్డును వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడవండి, పైన జిడ్డుంటే రంగు పట్టదు. ఆకును తడిపి, ఈనెలు ఉబ్బెత్తుగా ఉండే వెనక వైపును పెంకుకు ఆనించి అద్దండి. పాత నైలాన్ మేజోడు లోంచి అరచేయంత ముక్క కత్తిరించి, ఆకు మీదుగా చుట్టి, వెనక్కి లాగి, దారంతో బిగించి ముడేయండి. ఎంత బిగుతంటే ఆకు ఈనెలు నైలాన్ మీదుగా కనబడాలి. ఎక్కడ వదులుంటే అక్కడ అచ్చు చెదిరినట్టే.

చుట్టిన పచ్చి గుడ్లను చల్లారిన రంగునీళ్ళలో మునిగేలా ఉంచి, గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టండి. నాలుగు గంటలకు లేత రంగు, రాత్రంతా ఉంచితే ముదురు. బయటికి తీశాక నైలాన్ విప్పకుండానే పాత గుడ్డ మీద పెట్టి పావుగంట ఆరనివ్వండి, తర్వాత కత్తిరించండి. తడి మీద రుద్దితే రంగు ఊడుతుంది.

డొల్ల చేసేది రంగు వేశాకే. ముందే చేస్తే గుడ్డు తేలికై రంగునీళ్ళ మీద తేలుతుంది, ఒక పక్కే రంగు పట్టుతుంది. సన్నకొసన సూదితో ఒక చిన్న కన్నం, వెడల్పు కొసన మూడు నాలుగు మిల్లీమీటర్ల కన్నం. పెద్ద కన్నంలోంచి పళ్ళపుల్ల దూర్చి పచ్చసొన చితకండి. చితకకుండా ఊదితే బుగ్గలు నొప్పి పుడతాయిగానీ సొన రాదు. గిన్నె మీద పట్టుకుని చిన్న కన్నంలోంచి ఊదండి. లోపల నీళ్ళు పోసి ఆడించి మళ్ళీ ఊదేయండి, ఇది మానేస్తే మూడో రోజుకు కంపు, చీమలు. పూర్తిగా ఆరాక కొబ్బరినూనె చుక్క వేలికి రాసుకుని పెంకు మీద అద్దితే అచ్చు మెరుస్తుంది. ఊదిన సొనను ఆ రాత్రే బాగా ఉడికేలా వండుకోండి.

గూటికి వరిగడ్డి పురి. రెండు గుప్పెళ్ళ గడ్డిని దులిపి, పది నిమిషాలు నానబెట్టి, తాడులా పేని, ఎనిమిది అంగుళాల గిన్నె చుట్టూ మూడు చుట్లు తిప్పండి. నాలుగు చోట్ల జనపనారతో కట్టి, ఆరాక గిన్నె తీసేయండి. అంత ఓపిక లేకపోతే సంతలో దొరికే అడ్డాకు దొప్పలో కొబ్బరిపీచు విదిలించి వేసినా గూడే. అడ్డాకు ఎండితే చిట్లుతుంది, కాబట్టి వంచే ముందు నీళ్ళు చిలకరించండి. తొమ్మిది గుడ్లు ఒక గూటికి నిండుగా ఉంటాయి.

అరటి బోదె మీద పూలు

పూలు గుచ్చడానికి దుకాణాల్లో అమ్మే పచ్చ స్పాంజి కొనకండి. గెల కోసేసిన అరటి చెట్టు బోదె కూడా బాగా తేమ పట్టి ఉంచుతుంది, ఎవరి పెరట్లోనైనా దొరుకుతుంది. నాలుగంగుళాల లావు, పన్నెండు అంగుళాల పొడవు ముక్క తీసుకుని, నల్లబడిన పై డొప్పలు ఒలిచేయండి. దొర్లిపోకుండా అడుగున పొడవునా పలచగా చెక్కి చదును చేయండి. గంటసేపు నిలువుగా ఆనించి పెడితే కారాల్సిన నీరు కారిపోతుంది. అరటి బోదె రసం గుడ్డకు అంటితే నల్లమచ్చ, ఉతికినా పోదు. అందుకే బోదెను పళ్ళెంలో పెట్టాలి, నేరుగా గుడ్డ మీద కాదు. రెండు కొసల కోతలకూ నిమ్మచెక్క రుద్దితే నల్లబడటం ఆలస్యమౌతుంది.

పూలలో కాగితప్పూలు ఈ కాలానికి పెట్టింది పేరు. కానీ కోసిన కొమ్మ గంటలో వాడుతుంది, ఆకులే నీళ్ళు లాగేస్తాయి కాబట్టి. శనివారం తెల్లవారకముందే కోసి, ఆకులన్నీ గిల్లి, ముళ్ళు కత్తిరించి, రెమ్మల్ని పూలతో సహా బకెట్ నీళ్ళలో రెండు గంటలు ముంచి ఉంచండి. సాయంత్రం నాలుగంగుళాల రెమ్మలుగా కోసి గుచ్చండి. కన్నం మాత్రం ముందు వెదురు పుల్లతో ఏటవాలుగా పొడవాలి. రెమ్మతోనే గుచ్చబోతే విరుగుతుంది, నిటారుగా గుచ్చితే పూల కింద బోదె బోసిగా కనబడుతుంది. మొదట అశోక ఆకులో క్రోటన్ ఆకులో గుచ్చి బోదె కప్పేయండి, తర్వాత పూలు, చివర పది కొండచీపురు ఈకలు సగానికి కత్తిరించి అక్కడక్కడ. రాత్రికి పైన తడిగుడ్డ కప్పి ఉంచండి.

లిల్లీ పూలు, మల్లెలు బల్ల మీద కంటే గుమ్మం దగ్గర పెట్టడం మేలు. వాటి ఘాటు వాసన భోజనం వాసనతో పొసగదు. ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త ఇవేవీ అన్నం గిన్నెల పక్కకు రానివ్వకండి, అన్నీ విషపూరితాలే. వేపపూత, మామిడిపూత చూడ్డానికి బాగుంటాయిగానీ ఫ్యాను గాలికి రాలి కూరలో పడతాయి.

కొవ్వొత్తులూ ఫ్యానూ

బోదె మీదే మూడు కొవ్వొత్తులు గుచ్చవచ్చు. కన్నం కొవ్వొత్తి కంటే సన్నగా ఉండాలి, కొవ్వొత్తి అడుగుకు అల్యూమినియం రేకు చుట్టాలి. పూలకీ మంటకీ మధ్య కనీసం ఆరంగుళాల ఎడం ఉంచండి. కొవ్వొత్తులు పెట్టే బోదెకు కొండచీపురు ఈకలు గుచ్చకండి, గడ్డి గూడు కూడా అసలు దరిదాపుల్లో ఉండకూడదు. సన్న కొవ్వొత్తులు ఈ వేడికి నిలబెట్టినవి నిలబెట్టినట్టే వంగిపోతాయి, లావువి కొనండి. ఫ్యాను కింద రోజంతా వెలిగించాలని చూడకండి. ప్రార్థన వేళ ఫ్యాను ఆపి వెలిగించి, పాట ముగిశాక ఆర్పి, ఫ్యాను వేసుకోండి. అలా కుదరదంటే గాజు గ్లాసులో రెండంగుళాల ఇసుక పోసి పొట్టి కొవ్వొత్తి నిలబెట్టండి, గ్లాసు అంచు మంట కంటే రెండంగుళాలు పైనుండాలి.

ఏ తీరికా లేని ఇంటికి: వెడల్పాటి ఇత్తడి పళ్ళెంలో అంగుళం నీళ్ళు, నందివర్ధనాలు, దేవగన్నేరు పూలు తేలవేయండి. దేవగన్నేరు తొడిమ నుంచి కారే పాలు ముందు తుడవాలి, చర్మానికి మంట. ఐదు నిమిషాల పని, సాయంత్రం దాకా ఉంటుంది.

చర్చి ప్రేమ విందులో నేల మీద పంక్తి భోజనాలైతే ఎత్తైనవేవీ పనికిరావు, వడ్డించేవాళ్ళ కాళ్ళకు తగులుతాయి. పంక్తుల మధ్య దారిలోనూ ఏమీ పెట్టకండి. పాదిరిగారి బల్ల మీద మొలకల తోట, ద్వారం దగ్గర గుడ్ల గూడు చాలు. తెలుగు, ఒడియా కుటుంబాలు కలిసి కూర్చునే చోట ఒక అట్టముక్కను గుడారంలా మడిచి, ఒకవైపు తెలుగులో "క్రీస్తు లేచెను" అనీ, రెండోవైపు అదే మాట ఒడియాలో తెలిసినవాళ్ళ చేత రాయించీ గూడు పక్కన నిలబెట్టండి.

పండుగ అయ్యాక మొలకల చాపను నాలుగు ముక్కలు చేసి, నీళ్ళు నిలిచే పెరటి మూలన పాతితే వరి పైకొస్తుంది. చోటు లేకపోతే ఆవుకు వేయండి. బోదెను ముక్కలు చేసి కొబ్బరిచెట్టు మొదట్లో వేస్తే కుళ్ళి ఎరువౌతుంది. డొల్ల గుడ్లను గుడ్ల అట్టలోనే ఒక్కొక్కటిగా పెట్టి, పైన వార్తాపత్రిక కప్పి, ఎండ తగలని అల్మారాలో దాచండి. ఉల్లితొక్కల రంగు వేసినవి వచ్చే ఏటికీ పనికొస్తాయి. పసుపు రంగు వెలిసిపోతుంది, దాన్ని మళ్ళీ కొత్తగా వేసుకోవాలి.